మొదటి ముద్ద సూరయ్య మావది

ఏడాది కిందటి దాకా పొద్దున్నే ఐదింటికి లేచి నేను మొదట చేసే పని ఉప్పు తొట్టి మూత తీయడం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి పన్నెండేళ్ళు అదే పని. మా ఆయన ధనరాజు వేట నుంచి తెచ్చిన చేపల్లో కూరకి ఉంచుకోగా మిగిలినవి పొట్ట చీల్చి, కడిగి, అడుగున నౌపాడ గళ్ళుప్పు పరిచి, ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పేర్చేదాన్ని. మూడో రోజు తీసి ఇసకలో పాత వల పరిచి ఎండేసేదాన్ని. గోళ్ళ పక్క చర్మం చిట్లి మండిపోయేది. ఆయన నవ్వేవాడు. "నీ సెయ్యి కూరలో ముంచితే సాలే, వేరే ఉప్పు ఎయ్యక్కర్నేదు" అనేవాడు.

ఇప్పుడు ఆ తొట్టి పెరట్లో బోర్లించి ఉంది. ఉప్పు మూట అటకమీద ఉంది. ఏడాదిగా నేను దాన్ని ముట్టుకోలేదు. కూరలోకి కొట్లో అమ్మే మెత్తని ఉప్పు పేకెట్టు తెచ్చి చెంచాతో వేస్తున్నాను.

చేపలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. వేట ఉన్న రోజుల్లో తెల్లారేసరికి గడప పక్కన తాటాకు బుట్టలో నాలుగు కవ్వలో, రెండు కానాగంతలో ఉంటాయి. బోటు మీద పనిచేసిన ప్రతి మనిషికీ కూరకని ఇచ్చే చేపలవి. మనిషి పోయినా వాడి ఇంటికి కూర చేప ఆపకూడదని సూరయ్య మావ పట్టుదల. తలుపు కొట్టడు, పిలవడు, పెట్టి పోతాడు. నేను బుట్ట లోపలికి తీసి, మా అత్త లేవకముందే మునగచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చేస్తాను. మా అత్త చూస్తే ఆ బుట్టని వీధిలోకి విసిరేస్తుంది. పూడ్చడం కొంచెం మర్యాదగా ఉంటుందని నా ఆలోచన. ఆ మునగ ఈ ఏడు కొమ్మలు విరిగేటట్టు కాసింది. దాని కాయ కూడా కోయబుద్ధి కాలేదు.

సూరయ్య మావ అంటే మా అత్త లక్ష్మణమ్మకి సొంత తమ్ముడు. ధనరాజుకి మేనమావ. మా ఊరు వంశధార సముద్రంలో కలిసే చోటికి రెండు కిలోమీటర్లు. ఇక్కడ ముప్పై ఏళ్ళుగా ఆయన తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద. ఇప్పుడు అరవై దాటాయి. పెళ్ళాం పెళ్ళయిన రెండో ఏట కామెర్లతో పోయింది, మళ్ళీ చేసుకోలేదు. పదమూడేళ్ళ వయసులో ధనరాజుని బోటెక్కించి, వాంతులు చేసుకుంటుంటే నడుం పట్టుకుని, పని నేర్పింది ఆయనే. శివరాత్రికి వంశధార ఒడ్డమ్మట నడిచి శ్రీముఖలింగం వెళ్తాడు. దారిలో ఎవరి దగ్గరా ఏమీ తినడు. తిరిగొచ్చాక పిల్లలకి బెల్లం జీళ్ళు పంచుతాడు.

ఆయన తిండి గురించి చెప్పాలి. బోటులో అన్నం వండితే తండేలే వడ్డిస్తాడు. గరిటె పట్టుకుని ముందు సముద్రంలో ఒక ముద్ద వేస్తాడు, తర్వాత అందరికీ కంటితోనే కొలిచినట్టు సమానంగా పెడతాడు, ఆఖరున తను తింటాడు. గిన్నెలో ఏం మిగిలితే అది. ఒడ్డు మీద కూడా ఆ అలవాటు పోలేదు. నా పెళ్ళిలో ఆయన్ని మొదటి బంతిలో కూర్చోమంటే, "నానెప్పుడూ అడుగంటిందే తింటాను, నాకదే రుసి" అని కుండలు తోముకునే వాళ్ళ దగ్గర కూర్చుని తిన్నాడు. ఆయన ఎక్కడైనా ముందు తినడం ఎవరూ చూడలేదు.

అలాంటి మనిషి గురించి ఊరు అన్న మాట రాయడానికి నా చెయ్యి ఆగుతోంది. రాయకపోతే మిగతాది అర్థం కాదు. సూరయ్య ధనరాజుని తిన్నాడు అన్నారు.

జరిగింది ఇది. పోయిన కార్తీకంలో సూరయ్య మావ, ధనరాజు, దాలయ్య అనే కలాసీ, అంటే బోటు పనివాడు, ముగ్గురూ సొరచేపల వేటకి లోతుకి వెళ్ళారు. నాలుగు రోజుల వేట కాబట్టి ఐసు చాలదని ఒక ఉప్పు బస్తా కూడా వేసుకున్నారు. రెండో రోజు ఇంజను ఆగిపోయింది. అదే రోజు గాలి తిరిగింది. పదిహేడు రోజులు కొట్టుకుపోయారు. ఒడిశా దాటి ఎక్కడో లోతులో ఒక సరుకుల ఓడ వాళ్ళకి కనిపించారు. ఇద్దరే బతికి ఉన్నారు. ధనరాజు పన్నెండో రోజున పోయాడు. అధికారులు అడగాల్సినవన్నీ అడిగి, జ్వరంతో, నీళ్ళు లేక పోయాడని కాగితం రాసి ఇద్దర్నీ ఇంటికి పంపారు. శవం లేదు కాబట్టి దర్భలతో మనిషి బొమ్మ కట్టి కాల్చాం.

అంతటితో అయిపోయేది. ఓడ మీద ఎవరో ఫోనులో తీసిన వీడియో నెల తిరక్కుండా మా ఊరి ఫోనుల్లోకి వచ్చింది. మాట మనకి తెలియని భాష. బొమ్మ మాత్రం అందరికీ తెలిసింది. ఎముకలు తేలి, గెడ్డాలు పెరిగి ఇద్దరు మనుషులు. సూరయ్య మావ చేతిలో కత్తి. ఆయన వెనక చెక్కల మీద పొడుగ్గా ఒకటి, గోనె కింద. గాలికి గోనె అంచు లేచినప్పుడు తెల్లగా ఉప్పు.

వేరే ఊళ్ళో అయితే ఆ తెలుపు ఏంటో పట్టించుకునేవారు కాదేమో. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఉప్పు వేసేది దాచుకుని తినడానికే. ఇంకెందుకు వేస్తారు?

దాలయ్య జనం మాటలు పడలేక గుజరాత్ బోట్ల మీద పనికి వెరావల్ వెళ్ళిపోయాడు. సూరయ్య మావ ఎక్కడికీ వెళ్ళలేదు. అడిగిన వాళ్ళకి, "ఉప్పెట్టాను" అన్నాడు, అంతే. ఇంకో మాట చెప్పలేదు. ఆయన బోటుకి కలాసీలు రావడం మానేశారు. చిన్న తెప్ప మీద ఒక్కడే వెళ్తున్నాడు. ఆయన చేప వేలంలో ఆఖరున పోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ వీడియో రాకముందు ఆ నెల రోజులూ మా అత్త నన్నే అనేది. "నా కొడుకుని మింగీసినాది" అనేది, వచ్చిన వాళ్ళ ముందు, నేను వింటూ ఉండగా. మొగుడు పోయిన ఆడదాన్ని మా వైపు అలాగే అంటారు. వీడియో వచ్చాక ఆ మాట నా మీద నుంచి లేచి తమ్ముడి మీద వాలింది. ఆ రోజు రాత్రి నేను ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయాను. తెల్లారి లేచాక ఆ నిద్ర గుర్తొచ్చి భయం వేసింది. ఆ భయం ఏడాదైనా పోలేదు. నిజం కావాలని ఎక్కడో లోపల నేనూ కోరుకుంటున్నానా అని.

ఇంతలో సంవత్సరీకం వచ్చింది. శుక్రవారం అని అయ్యవారు చెప్పారు.

మా వీధిలో ఒక ఆచారం ఉంది. సముద్రంలో పోయిన వాడి సంవత్సరీకానికి, వాడి నోట్లో ఆఖరున నీళ్ళు పోసిన మనిషి బంతిలో మొదటి ముద్ద తినాలి. వాడు తిన్నాకే మిగతావాళ్ళు విస్తట్లో చెయ్యి పెడతారు. ఆ ముద్దతో పోయినవాడి దాహం తీరిందని లెక్క. ధనరాజు నోట్లో నీళ్ళు పోసింది సూరయ్య మావ, ఇంటికి వచ్చిన రోజే ఆ మాట చెప్పాడు. ఆయన్ని పిలిస్తే బంతికి ఎవరూ రారు. పిలవకపోతే, ఆయన ధనరాజుని తిన్నాడని కట్టుకున్న పెళ్ళాన్ని నేనే ఊరికి చెప్పినట్టు. ఇక ఆయనకి ఈ ఊళ్ళో నిలబడే చోటు ఉండదు.

సోమవారం కుళాయి దగ్గర ఎదురింటి కుసుమకుమారి అడిగింది. "ఏటే తులసీ, ఎవర్ని పిలుస్తన్నావు శుక్రారం?"

"ఇంకా అనుకోనేదు."

"అనుకోడానికేటున్నాది. మొదటి ముద్ద ఆడికెందుకే, ఆడు ముందే తిన్నాడు కదా."

నలుగురు నవ్వారు. ఒకామె మాత్రం తల దించుకుని బిందె పట్టుకుంది. నా బిందె సగమే నిండింది. అలాగే ఎత్తుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక చూస్తే నీళ్ళు సగం దారిలోనే ఒలికిపోయాయి.

మంగళవారం మా మరిది యుగంధర్ వచ్చాడు. ఎచ్చెర్లలో యూనివర్సిటీలో చదువుతున్నాడు. మంచి కుర్రాడు. నాకు ధైర్యం చెప్పాలని వచ్చి, ఉన్నది కూడా పోగొట్టాడు.

"వదినా, నిజమే అయినా మావది తప్పు కాదు. లైబ్రరీలో సదివాను. పూర్వం ఓడలు మునిగితే తెల్లోల్లు పేర్లు రాసి సీట్లు ఏసుకునీవోరట, ఎవరి సీటొస్తే ఆల్ని తినీవోరు. అదో ఆచారం సముద్రం మీద. ఒక ఓడోల్ల మీద కేసెట్టి ఉరి అన్నారు, మల్లీ తగ్గించీసినారు. కొండల మీద ఇమానం పడిపోతే మంచులో బతికినోల్లు కూడా అలాగే. కరువులొచ్చినప్పుడు మన దేసంలోనూ రాసినారు."

"సీటు ఏసుకున్నారా బాబూ, మనోల్లు?"

"అలా అన్నేదు వదినా. అన్న సచ్చిపోయాకే కదా. సచ్చిపోయినోడికి నొప్పి ఉండదు కదా అంటన్నాను."

"నువ్వు సదివిన పుస్తకాల్లో ఆల్ల పెళ్ళాల గురించి రాసినారా?"

వాడు కాసేపు ఆలోచించి, "నేదు" అన్నాడు. తర్వాత గారె ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా అలాగే ఉండిపోయాడు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. వాడు చెప్పినవి నిజాలే అయి ఉంటాయి. కానీ అప్పటిదాకా నా భయానికి ఒక్క మొహమే ఉండేది. వాడు వెళ్ళాక మంచులో మనుషులు, ఓడల్లో మనుషులు, కరువులో మనుషులు అందరూ వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. బియ్యం కడుగుతుంటే వేళ్ళు చూసుకున్నాను. ఎంత ఆకలైతే మనిషికి ఇవి తిండిలా కనిపిస్తాయి అని. అన్నం దించేశాక తినలేకపోయాను.

బుధవారం మధ్యాహ్నం మా అత్త నిద్రపోయాక ఒడ్డుకి వెళ్ళాను. సూరయ్య మావ తెప్ప నీడన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి సూది ఆపలేదు.

"ఎండలో వచ్చావేటమ్మా. గొడుగు తెచ్చుకోకూడదేటి?"

"శుక్రారం సంవత్సరీకం మావా."

"తెల్సు."

"పిలుద్దామని."

"పిలవకు. నలుగురూ రారు. ఆడి ఇస్తరాకులు ఖాళీగా ఉండిపోతాయి. నాకేటి, నానెప్పుడూ అడుగుదే కదా తిన్నది."

వలలో రెండు కన్నులు కట్టాడు. నేను ఏడాదిగా నోట్లో దాచుకున్న మాట బయట పెట్టాను. ఇన్నాళ్ళూ ఈ మాటకి ఎన్నో ముందు మాటలు కట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు.

"ఉప్పెందుకేసావు మావా?"

సూది ఆగింది.

"అడగడానికి ఏడాది పట్టినాది నీకు" అన్నాడు.

"సెప్పడానికి నీకూ పట్టినాది కదా."

ఆ మాటకి ఆయన నా వైపు చూశాడు. పీచు నారలా ఉన్న గెడ్డం గోక్కున్నాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి, నాతో కాదన్నట్టు, చెప్పాడు.

"మా అయ్య ఏటకెల్లి రానేదు. అప్పుడు నాకు ఆరేళ్ళు, మీ యత్తకి తొమ్మిది. ఆడి సచ్చిన కట్టె దొరకనేదు. మా యమ్మ పదకొండేళ్ళు గాజులు తియ్యనేదు. ఏడవనేదు. రోజూ సందేల అయ్య కంచంలో కూడెట్టి మూతెట్టీది. పొద్దున్న ఆ సద్ది మాకెట్టీది. నానూ మీ యత్తా అయ్య కూడు తిని పెరిగినాం. ఆమె సచ్చిన్నాడు కూడా కంచంలో కూడున్నాది. ఎందుకంటే ఆడు పోనాడని సెప్పడానికి ఏటీ నేదు కదా సేతిలో."

సూదికి దారం చుడుతూ మళ్ళీ అందుకున్నాడు. "ధనరాజు పన్నెండో నాడు పొద్దున్న పోనాడు. నీళ్ళడిగాడు. మూతడు వాననీళ్ళున్నాయి, పోసాను. మింగాడో నేదో. పోయాక అనుకున్నాను, తులసిని అలాగ కంచం ముందర కూకోబెట్టకూడదు, దానికి మొకం సూపించాల. సూస్తే ఏడుస్తాది, ఏడిసి లెగుస్తాది. ఎండలో మనిషి ఆగడమ్మా. ఐసు ఎప్పుడో పోనాది. ఉప్పుంది. సముద్రం మీద పాడవకుండా ఒడ్డుకి తేవాలంటే నా సేతికి తెల్సింది అదొక్కటే."

నేను ఇసకలో కూర్చుండిపోయాను.

"ఓడోల్లు కట్టెని ఎక్కించుకోం అన్నారు. సైగలు సేసి, దణ్ణమెట్టి సెప్పాను. ఆల్లు ఇంకోలా అనుకున్నారు. ముక్కులు మూసుకుని సేతులూపి వద్దన్నారు. ఆకరికి ఆల్ల కల్లముందరే నీళ్ళలో దించీసాను."

"ఇది నలుగుర్లో సెప్పొచ్చు కదా మావా."

"ఏటని సెప్పను? తులసీ, నీ మొగుడికి సేపకి ఎట్టినట్టు ఉప్పెట్టానమ్మా అనా? నువ్వు మల్లీ తొట్టిలో సెయ్యెడతావా? రోజూ ఎట్టాల్సిన సెయ్యి."

ఏడాదిగా నేను తొట్టిలో చెయ్యి పెట్టలేదని ఆయనకి తెలియదు. చెప్పలేదు. ఇంకొకటి అడగాలి. అడగకుండా వెళ్ళిపోతే బాగుండును అనిపించింది, కానీ అడిగాను.

"కత్తెందుకు నీ సేతిలో?"

"దాలయ్యకి అందకుండా. ఆడ్నేటీ అనకు. పద్నాలుగో నాడు అడిగినాడు, సిన్న పిల్లోడు అడిగినట్టు. ఆకలి అడిగినాది, ఆడు కాదు. పచ్చి సేప ఒకటి దొరికితే ఆడికే ఎట్టీసాను."

"నీకో మావా?"

సూదిని వలలో గుచ్చి పక్కన పెట్టాడు.

"నాకు ఆ తలపు రానేదని సెప్పను. వచ్చినాది. వచ్చినప్పుడల్లా గోనె తీసి ఆడి మొకం సూసీవోణ్ణి. మల్లీ కప్పీసీవోణ్ణి." వల తీసి ఒళ్ళో వేసుకున్నాడు. "ఇంతే నా దగ్గరున్నది. నమ్ముతావో నేదో నీ ఇష్టం."

నేను నమ్మాను. కానీ ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు ఆగి వెనక్కి చూశానని కూడా రాయాలి. చూసిన వాడు దాలయ్య ఒక్కడే, వాడు వెరావల్‌లో ఉన్నాడు. ఇక్కడ ఆయన మాట ఒక్కటే ఉంది. మూతడు నీళ్ళు పోశాడన్నది ఆ మాట మీదే నమ్మాను, ఇది నమ్మడానికి ఇంకో సాక్షి కావాలని ఎందుకు అడగడం అనుకున్నాను.

మా అత్త నులక మంచం మీద కూర్చుని ఉంది. ఎక్కడికి వెళ్ళానో అడిగింది, చెప్పాను. విన్నదంతా చెప్పాను, కత్తితో సహా. మొదట "అబద్దాలకోరు" అంది. అయ్య కంచం మాట వచ్చినప్పుడు మంచం నులక పట్టుకుంది. "ఆ సద్ది పులిసిపోయుండీది. ఆడూ నానూ కొట్టుకునీవోల్లం దానికోసం" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది. పిలవమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

శుక్రవారం అయ్యవారు వచ్చి చేయించాల్సింది యుగంధర్ చేత చేయించి, దక్షిణ తీసుకుని వెళ్ళిపోయారు. నేను ధనరాజుకి ఇష్టమైన కవ్వల పులుసు వండాను. ఆ పొద్దున్న గడప దగ్గర పెట్టిన చేపలే. ఏడాదిలో మొదటిసారి అవి పూడ్చకుండా పొయ్యెక్కించాను. అరుగు మీద ఇరవై విస్తళ్ళు వేశాను. యుగంధర్‌ని పంపి సూరయ్య మావని పిలిపించాను.

చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. ఖాళీ విస్తళ్ళు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వీధికి అటువైపు ఆడవాళ్ళు, మగవాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. కుసుమకుమారి తన అరుగు మీద చేతులు కట్టుకుని ఉంది.

"ముందు నువ్వు తినాల మావా" అన్నాను.

"నాకు ముందు తినడం రాదమ్మా."

"నీ మేనల్లుడి కోసం."

కూర్చున్నాడు. అన్నం, పులుసు వడ్డించాను. విస్తరి మూల ఉప్పు వేయాలి. పేకెట్టు ఉప్పు చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. యుగంధర్‌ని అటకెక్కించి మూట దింపించాను. ఏడాది చెమ్మకి గళ్ళు గడ్డ కట్టాయి. వేళ్ళతో చిదిపి, చిటికెడు తెచ్చి ఆయన విస్తట్లో వేశాను. ఆయన నా చేతినే చూస్తున్నాడు. నా వేళ్ళ సందుల్లోంచి రెండు గళ్ళు కింద పడ్డాయి. ఆయన వాటిని ఏరి విస్తట్లో పెట్టుకున్నాడు.

మొదటి ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. వీధి అంతా ఆ చెయ్యే చూస్తోంది. ఈ ముద్ద దిగకపోతే, వాంతి చేసుకుంటే, లేచిపోతే, అప్పుడు వాళ్ళు అనుకున్నదే నిజం అవుతుంది.

తిన్నాడు. నెమ్మదిగా నమిలి మింగాడు. కళ్ళలోంచి నీళ్ళు గెడ్డంలోకి దిగుతున్నాయి, తుడుచుకోలేదు. ముల్లు తీసి విస్తరి పక్కన పెట్టాడు. రెండో ముద్ద తినేటప్పుడు యుగంధర్ వచ్చి పక్క విస్తట్లో కూర్చున్నాడు. తర్వాత కుళాయి దగ్గర నవ్వకుండా తల దించుకున్న ఆమె తన మొగుణ్ణి వీపు మీద ఒక్కటి పొడిచి పంపింది. అంతే, ముగ్గురే. మిగతా పదిహేడు విస్తళ్ళు అలాగే ఉన్నాయి.

తిన్నాక సూరయ్య మావ విస్తరి మడవబోయాడు. తినేసిన విస్తరి మడిచి ఎత్తాలి, అరుగు కడగాలి, అది ఇంటి ఆడదాని పని. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఒగ్గీ మావా. నాను తీస్తాను."

ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను ఖాళీ విస్తళ్ళు పదిహేడూ తీసి లోపల పెట్టాను. యుగంధర్‌దీ, ఆ వచ్చినాయనదీ మడిచి పడేశాను. సూరయ్య మావ విస్తరి ముట్టుకోలేదు. శుభ్రంగా తిన్న విస్తరి, పక్కన ముళ్ళు వరసగా, మూల నాలుగు ఉప్పు గళ్ళు మిగిలి. మొదటి ముద్ద ఎవరు తిన్నారో అందరూ చూడాలని అరుగు మీద, వీధిలోకి కనిపించేటట్టు వదిలేశాను.

పొద్దు వాలింది. జనం అటూ ఇటూ పోతూ చూస్తున్నారు. కొందరు చూడనట్టు చూస్తున్నారు. మా అత్త గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది, విస్తరి చూసి వంగబోయింది.

"ఎంగిలాకు అలా ఒగ్గీసావేటే. ఎత్తు."

"ఎత్తను అత్తా."

నా మొహం చూసింది, వీధి చూసింది. ఎదురరుగు మీద కుసుమకుమారి ఇంకా కూర్చునే ఉంది. మా అత్త చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. విస్తరి పక్కనే అరుగు మీద చతికిలబడింది. ముళ్ళ కోసం ఒక కోడిపెట్ట వచ్చింది. చేతికర్రతో నేల మీద కొట్టి దాన్ని అదిలించింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదిలించింది.